కామెంట్లు తీసేసిన కోడ్

ఆఫీసు మూసేసే రోజున యజమాని అందర్నీ పిలిచి, "క్లయింట్లు వద్దన్న ప్రాజెక్టులన్నీ ఈ డ్రైవ్‌లో ఉన్నాయి. కావాల్సినవాళ్ళు పట్టుకెళ్ళండి, ఏమైనా చేసుకోండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. చివరికి ఆమె తీసి బ్యాగులో వేసుకుంది.

పెళ్ళికి ముందు నుంచీ అక్కడే ప్రోగ్రామర్. ఉద్యోగం పోతే ఏడుస్తాననుకుంది గానీ ఏడుపు రాలేదు. భర్తకి కళ్ళజోళ్ళ దుకాణం. మధ్యాహ్నం భోజనానికొచ్చి, "దున్నపోతు మీద వాన పడ్డట్టు ఆ కూర్చోడమేంటే?" అని నవ్వించబోయేవాడు. "ఊఁ" అనేది. ఆ ప్రాజెక్టుల్ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టమన్నది కూడా ఆయనే.

పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ కనబడని కిటికీ దగ్గర కూర్చుని మొదలుపెట్టింది. ముందుగా క్లినిక్‌ది తీసింది. రోగులు డాక్టర్ దగ్గర టైము బుక్ చేసుకునే సాఫ్ట్‌వేర్. పాత పాస్‌వర్డ్లు తీసేసింది. లేని రోగులకి పేర్లూ వయసులూ పెట్టింది. కోడ్ మధ్యలో, తమలో తాము చెప్పుకున్నట్టు మనుషులు రాసిన మాటలుండేవి, కామెంట్లంటారు. ఒకచోట పక్క సీటు పొట్టాయన, "ఇక్కడ చెయ్యి పెట్టొద్దు. ఎందుకు పనిచేస్తోందో నాకే తెలీదు" అని రాశాడు. అప్పట్లో దానికి ఆఫీసంతా పడీపడీ నవ్వింది. ఇప్పుడామె ఆ మాట చెరిపేసింది. దాని కింద దండగ్గా కనబడ్డ మూడు లైన్లు కూడా చెరిపేసింది. గోళ్ళు కత్తిరించుకున్నట్టుంది, అంతే.

సాఫ్ట్‌వేర్ తెరల బొమ్మలు మసగ్గా ఉన్నాయని అమ్మకాల సైటువాళ్ళు తిప్పిపంపితే మళ్ళీ తీసి పంపింది. అమ్మకాలు మొదలయ్యాయి. ఎవరైనా కొంటే మెయిలొచ్చేది. చూసి మూసేసేది.

ఒక ఆదివారం అన్నయ్య కూతురు లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగింది. చదువు ఆఖరి ఏడాది.

"అత్తా, నా ప్రాజెక్టు కాస్త చూసిపెట్టవూ? ఒకే టైముకి ఇద్దరు పేషెంట్లని తీసుకుంటోంది. గురువారం కాలేజీలో చూపించాలి."

"నువ్వే రాశావా?"

"మరి! తిండీ నిద్రా మానేసి రాశాను."

తెరిచింది. తను ఎంచుకున్న నీలం రంగే. తను పెట్టిన దొంగ రోగులే. వెనక నుంచి భర్త చూసి నోరు తెరవబోయాడు. ఆమె కళ్ళతోనే ఆపింది. మంచినీళ్ళ వంకతో ఆయన వంటింట్లోకి జారుకున్నాడు.

తప్పెక్కడుందో ఆమెకి తెలుసు. ఆ మూడు లైన్లు ఉండాల్సిన చోట ఖాళీ. ఎలా ఉండేవో గుర్తుకు రాక, తిప్పలుపడి కొత్తగా రాసింది.

"అబ్బ, ఇట్టే పట్టేశావే! అసలు దీన్ని రాసినవాడికి బుర్ర..." అని పిల్ల నాలిక్కరుచుకుంది.

"రాసినవాడికి?"

పిల్ల మొహం కందిపోయింది. "కొన్నాను అత్తా. క్లాసులో సగంమంది కొన్నదే. నాన్నకి చెప్పకు, నీకు దణ్ణం పెడతా."

"చెప్పను. అమ్మింది నేనే."

పిల్ల లాప్‌టాప్ మూసి లేచింది.

"అయితే డబ్బులు వెనక్కిస్తావా?" అందా పిల్ల చిన్నగా.

వంటింట్లో భర్తకి పొలమారింది. ఒకప్పుడైతే ఆమె కూడా నవ్వేదే.

"ఇవ్వను. కూర్చో. ఏ లైను ఎందుకుందో నువ్వే నాకు చెప్పాలి."

బుధవారం దాకా పిల్ల రోజూ కాలేజీ నుంచి నేరుగా వచ్చింది. మొదట్లో ఆవలింతలే. తర్వాత ఉన్నట్టుండి, "ఇద్దరు ఒకేసారి నొక్కితే ఎవరికిస్తాం అత్తా?" అని అడిగింది. ఆమె చెప్పింది. పిల్ల ఆ ముక్క మొత్తం తుడిచేసి తనకి తోచినట్టు రాసింది. అతుకుల బొంతలా ఉంది గానీ పనిచేసింది. చూడ్డానికి ఆమె కుర్చీ కాస్త దగ్గరికి లాక్కుంది. అంతకుమించి ఏమీ జరగలేదు.

గురువారం మధ్యాహ్నం ఫోను. "బొటాబొటి మార్కులే అత్తా! కానీ నేను రాసిన చోట అడిగారు, గడగడా చెప్పేశాను."

"మంచిది" అని పెట్టేసింది. సరిచేసిన కోడ్ సైటులో పెట్టి, కొన్నవాళ్ళందరికీ తప్పు తనదేనని ఒక ముక్క రాసి పంపింది.

భర్త భోజనానికొచ్చాడు. విషయం విని, "మరి సంతోషంగా ఉందా?" అన్నాడు.

ఆలోచించింది. "తెలీడం లేదు" అంది.

ఆయన కంచం ఆమె ముందుకి జరిపాడు. ఆమె తినడం మొదలుపెట్టింది.