జవాబివ్వని ముప్ఫై ఒక్కరం

"ఆపకు, ఇంకా గట్టిగా నొక్కు!" మియావ్ అక్క అరుస్తోంది. లువో మాస్టారి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతూనే ఉన్నాను. మీటింగు గది బోర్డు మీద ఆయన గీస్తున్న అచ్చు బొమ్మ సగంలో ఆగిపోయింది.

అంబులెన్సు వచ్చేసరికే ఆయన పోయారు.

చైనాలోని మా నింగ్బో ఆఫీసులో ప్లాస్టిక్ అచ్చులు డిజైన్ చేస్తాం. నెలనెలా ర్యాంకుల జాబితా వస్తుంది. అడుగునున్నవాడు ఇంటికే. పక్కవాడికి పని నేర్పితే మనమే కిందికి జారతాం. అందుకే ఎవరి ఫైళ్లకు వాళ్లు తాళం వేసుకున్నాం. పని నేర్చుకోవడం మాని, మేనేజర్ విందుల్లో గ్లాసులు నింపడం నేర్చుకున్నాం. అందులో మియావ్ అక్కను మించినవాళ్లు లేరు.

లువో మాస్టారు ఒక్కరే రెండేళ్లుగా మధ్యాహ్నం విరామంలో కునుకు మానుకుని మాకు నేర్పారు. "నాకు తెలిసింది నాతోనే పోతే ఎవడికి లాభంరా?" అనేవారు. మేం మెరుగయ్యాం. ఆయన పోయిన రోజు ఉదయం వచ్చిన జాబితాలో ఆయనే అడుగున ఉన్నారు. అయినా మధ్యాహ్నం బోర్డు దగ్గరికి వచ్చారు.

రెండింటికి ఆఫీసు గ్రూపులో మేనేజర్ మెసేజ్: "లువో విరామంలో నిద్రలో చనిపోయారు. పనితో సంబంధం లేదు. అందరూ 'అందింది' అని రాయాలి."

ఎప్పుడూ నిమిషంలో అందరం రాసేవాళ్లం. ఆ రోజు ఎవరి వేలూ కదల్లేదు.

మేనేజర్ తన గదిలోంచి బయటికొచ్చాడు. "వేళ్లు పడిపోయాయా? ఏయ్ చూ," నా వైపు తిరిగాడు, "ఆయన నిద్రపోతున్నాడు కదా?"

"నిలబడి నాకు నేర్పుతున్నారు," అన్నాను.

"వచ్చే నెల అడుగున నువ్వే!"

"నన్నూ రాసుకోండి," వెనక నుంచి బియాన్.

"నన్నూ."

"నా పేరు మర్చిపోకండి సార్!"

కుర్చీలు జరిగాయి. ముప్ఫై ఒక్కరం లేచి నిలబడ్డాం.

ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చిన మాస్టారి భార్య గుమ్మంలో ఉంది. చేతిలో ఆయన బూట్లు.

"పొద్దున బాగానే వెళ్లాడు," అంది. "ఏం చేశారు నా మనిషిని?"

"జబ్బమ్మా. ఎవరి తప్పూ లేదు," అన్నాడు మేనేజర్.

ఆరేళ్లుగా అతని గ్లాసు నింపిన మియావ్ అక్క ముందుకొచ్చింది. ఆ ఆఫీసులో అతన్ని పేరుతో పిలిచినవాళ్లు అంతవరకూ లేరు.

"జబ్బు కాదు వదినా. ఆ జాబితా చంపింది. మా చేత ఆయన్ని అడుక్కి తోయించింది వీడు." వేలు చూపించింది. "కాన్ దెహాయ్!"