ముప్పై ఒకటో సెకను

మధ్యాహ్నం మూడింటికి మరదలు రిపేరు కొట్లోకి దూసుకొచ్చి, "బావా, నీ దగ్గరున్న వాటిలో బొత్తిగా పనికిమాలిన డిస్కు ఒకటివ్వు" అంది.

బావ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "నా కొట్లో పనికిమాలినవా? మీ అక్క నేర్పిందా ఈ మాట?"

"అక్క నీ గురించి అంటుంది. నేను డిస్కు గురించి అడుగుతున్నా."

డిస్కుకు పని చెప్పి జవాబు రాబట్టే ప్రోగ్రాములో ఒక భాగం ఆమె రాస్తుంది. ముప్పై సెకన్లలో జవాబు రాకపోతే టైమరు ఆ పనిని తానే ముగిస్తుంది. సరిగ్గా అప్పుడే జవాబూ వస్తే, ఒకే పనిని రెండుసార్లు ముగించబోయి కంప్యూటరు కుప్పకూలుతుంది. ఆమె బాగోగులు చూసే లైబ్రరీ కంప్యూటరు అలాగే రెండుసార్లు కూలింది, నింద ఆమె మీద పడింది. సవరణ రాసి పంపితే, ఆ ప్రోగ్రాముకు ఆఖరి మాట చెప్పే పెద్దాయన, రెండూ ఒకేసారి రావడం జరగని పని అంటూ ఒప్పుకోలేదు. ఇవాళ నాలుగింటికి మార్పులు తీసుకోవడం ఆపేస్తానని, ఆలోపు జరుగుతుందని రుజువు చేస్తే సరే, లేదంటే లేదన్నాడు.

"అంటే, మనిషి రాడని ఒకడు కుర్చీ లాగేస్తుంటే, అప్పుడే వాడొచ్చి కూర్చోవడమా?"

"అదే! ఆ కిందపడడం నాకు కళ్ళారా కావాలి."

బావ అలమరా అడుగు నుంచి ఒకటి తీశాడు. "ఇదో మొండిఘటం. వారంగా దీంతో వేగుతున్నా. ముప్పై ఒకటి లెక్కపెడితే గానీ పలకదు."

జవాబు రాలేదని తేల్చుకున్నాక, పని ముగించే ముందు, టైమరు రెండు సెకన్లు ఆగేలా ఆమె మార్చింది. డిస్కును కొట్లోని కంప్యూటరుకు తగిలించింది. బావ లెక్క మొదలెట్టాడు.

"...ముప్పై, ముప్పై ఒకటి..."

డిస్కు టిక్కుమంది. మరుసటి అంకెకు తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు బారులు తీరాయి.

"చచ్చింది! బావా, చచ్చింది!" ఆమె గెంతులేసింది. బావ చప్పట్లు కొట్టాడు. ఫోను కోసం వచ్చిన పెద్దావిడ గుమ్మంలో ఆగిపోయింది.

"ఎవరు నాయనా పోయింది?"

"కంప్యూటరండీ!"

ఇక సవరణ వంతు. ప్రతి పనికీ ఒకే గుర్తు. టైమరైనా జవాబైనా ముందు దాన్ని తిప్పాలి. మొదట తిప్పినవాడిదే పని, రెండోవాడు నోరెత్తకుండా తప్పుకోవాలి. అదే డిస్కు, అదే ఆలస్యం. ముప్పై రెండు, ముప్పై మూడు. తెర చెక్కుచెదరలేదు. బావ ఆపడం మరిచి యాభై దాకా లెక్కపెట్టేశాడు.

మూడూ నలభైకి అంతా రాసి పెద్దాయనకు పంపింది. నాలుగుకు రెండు నిమిషాలుండగా ఆమె ఫోనుకు ఆయన జవాబొచ్చింది.

"మీరు చెప్పినట్టే చేశాను. నా యంత్రమూ కూలింది. మీ సవరణ పెట్టాక నిలబడింది. తీసుకున్నాను."

రెండుసార్లు పైకి చదివింది. మూడోసారి నవ్వు తన్నుకొచ్చి సగంలోనే ఆపేసింది. బావ ఫోను లాక్కుని, కొట్లో అందరికీ వినబడేలా గొంతెత్తి చదివాడు. అందరూ అంటే, ఆ పెద్దావిడ ఒక్కతే.