మార్నీ వీపురెక్క మీది గాటు

వెన్ను ఆపరేషన్ ఉంది, మూడు వారాలు పడవ ఎక్కనని ఓర్వో చెప్పినప్పుడు, "పోనీలే, నా చెవులకి కాస్త విశ్రాంతి" అన్నాను. పందొమ్మిదేళ్లుగా ఆ మనిషి చుక్కాని పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. గత రెండేళ్లుగా వాగుడు మరీ ఎక్కువైంది. నేను మైకు అందుకుని నోరు తెరిచేలోపే, "అదిగో మార్నీ వచ్చేసింది, వెనకాలే ముద్దుల కొడుకు" అని గొణిగేవాడు. తిమింగలాల పేర్లు చెప్పడం నా పని. "నీ పని నువ్వు చూసుకోవయ్యా బాబూ" అని ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు. అయినా మానలేదు.

నా పేరు ఐలీ. ఈ జలసంధిలో ఓర్కా తిమింగలాలను చూపించే పడవ మీద ఇరవయ్యారేళ్లుగా పని చేస్తున్నాను. ఏ తిమింగలం ఎవరో యాత్రికులకు చెప్పాలి. వీపు మీద నిలువుగా లేచే రెక్కను బట్టే మేం వాటిని పోలుస్తాం. ఒకదానికి రెక్క అంచున గాటు ఉంటుంది, ఇంకొకదానికి రెక్క వెనక బూడిదరంగు మచ్చ వంకరగా ఉంటుంది. అంటే ఈ పనికి కావలసిందల్లా కళ్లు. రెండేళ్ల కిందట కేంబెల్ రివర్ ఊళ్లో కళ్ల డాక్టరు నాకు నడిమి చూపు పోతోందనీ, దానికి మందు లేదనీ చెప్పాడు. పక్కలు కనిపిస్తాయి. సూటిగా చూసిందే మసకబారి మాయమవుతుంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే దింపేస్తారు. అరవై మూడేళ్లొచ్చిన ఒంటరిదాన్ని, ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడుకోనా? అలిసిపోయిన మాట నిజమే. పొద్దస్తమానం ఓరచూపుతో నీళ్లను వెతికి వెతికి, సాయంత్రానికి తల పగిలిపోయేది. అయినా దిగడానికి మనసొప్పలేదు.

ఓర్వో బదులు టేగన్ అనే పిల్ల వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లు. పడవ నడపడంలో చెయ్యి మంచిది. మొదటి రోజే ఒక రెక్క లేవగానే ఏదో పేరు అనబోయింది.

"చూడమ్మాయ్, చుక్కాని నీది, పేర్లు నావి. రెండూ కలపకు" అన్నాను.

"సరేనండీ" అని నోరు మూసుకుంది. మూసిన నోరు పన్నెండు రోజులు తెరవలేదు. ఆ పన్నెండు రోజులూ నేను ఎలాగో నెట్టుకొచ్చాను. ఎవరి పక్కన ఎవరు ఈదుతారో తెలుసు. మగవాటి రెక్క మనిషంత ఎత్తు, అది గుడ్డివాళ్లకైనా కనిపిస్తుంది. మిగతాదంతా ఊహ.

పదమూడో రోజు అడవులు తగలబడుతున్న పొగ నీళ్ల మీద పరుచుకుంది. పడవలో ఇరవై రెండు మంది ఉన్నారు. క్రాక్రాఫ్ట్ దీవి దాటగానే మార్నీ కుటుంబం ఎదురైంది. ఇంజను ఆపి దూరంగా ఆగాం. ముందు కూతురు టీసల్, దాని ఒంటికి అంటుకుని పిల్ల. వాళ్ల వెనక కెలో, మార్నీ కొడుకు. ముప్పయ్యేళ్లొచ్చినా వాడు తల్లి పక్క వదలడు. వాళ్ల జాతే అంత. ఆ రోజు కూడా వాడి పక్కన ఒక ఆడది ఉంది. కానీ మార్నీ రెక్క వెనక అంచున అరచేతి వెడల్పు గాటు ఉండాలి. ఓరగా చూశాను. తల అటూ ఇటూ తిప్పి చూశాను. రెక్క నున్నగా ఉంది. అయితే ఇది అప్పుడప్పుడూ వీళ్లతో తిరిగే బ్రెన్నా అయ్యుంటుంది అనుకున్నాను. మార్నీ చిక్కిపోయిందని వారం రోజులుగా అందరం చెప్పుకుంటూనే ఉన్నాం. తల్లి కొడుకు పక్కన లేదంటే ఇక్కడ ఎవరికైనా ఒకటే అర్థం.

మాలో ఒక పద్ధతుంది. తిమింగలం పోయిందని మొదట చూసినవాళ్లు రేడియోలో పడవలన్నిటికీ చెప్పాలి. ఆ తర్వాత ఆ పూటంతా ఛానెల్‌లో ఎవరూ జోకులేయరు. ఒకవేళ అది తప్పయితే చెప్పినవాళ్లే తమ నోటితో వెనక్కి తీసుకోవాలి. ఇంకెవరూ కల్పించుకోరు.

"అందరికీ, ఐలీని. మార్నీ కుటుంబం పడమటికి పోతోంది. మార్నీ లేదు. కెలో పక్కన లేదు" అన్నాను.

తర్వాత విల్ఫ్ పలికాడు. అలర్ట్ బే అనే ఊరి నుంచి పడవ తెచ్చే పాత కాపు.

"నువ్వే చూశావా ఐలీ?"

"నేనే చూశాను."

"నువ్వు చూశావంటే ఇంకేముంది. మా అమ్మ వంటింట్లో రేడియో పెట్టుకునే ఉంటుంది. వినే ఉంటుంది, పాపం."

విల్ఫ్ తల్లి ఎథెల్‌కి ఎనభై ఎనిమిదేళ్లు. మార్నీని పిల్లప్పుడు తల్లి పక్కన ఈదుతుండగా చూసిన మనిషి. అది తలుచుకుని నాకూ ఏడుపొచ్చింది. యాత్రికులకు మార్నీ గురించి నాలుగు ముక్కలు చెప్పి మైకు పెట్టేశాను. ఎవరో ముక్కు చీదుకున్నారు.

అప్పుడు టేగన్ కేబిన్‌లోంచి పిలిచింది. చేతిలో ఎవరో యాత్రికుడి కెమెరా ఉంది.

"ఐలీ గారూ, ఒక్కసారి ఇది చూడండి. కెలో పక్కన ఉన్నది."

బొమ్మ పెద్దది చేసి ఇచ్చింది. తెర ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని పక్కచూపుతో చూశాను. గాటు ఉంది. అరచేతి వెడల్పున, ఎప్పుడూ ఉండేచోటే.

"మరి చూస్తూ ఊరుకున్నావేమే? నీకు కళ్లున్నాయిగా!" అని అరిచాను.

ఆ పిల్ల తల దించుకుంది. "ఓర్వో గారు వెళ్లేముందు చెప్పారండీ. 'పేర్లు నీలో నువ్వే అనుకుంటున్నట్టు ఆవిడకి వినపడేలా అను. తిడుతుంది, తిట్టనీ' అన్నారు. మొదటి రోజు అనబోయాను. మీరు కసిరారు. భయమేసి మానేశాను."

అది నా బుర్రకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. ముసలాడికి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. అడగలేదు, నలుగురిలో బయటపెట్టలేదు. రెండేళ్లు నా చేత తిట్లు తింటూ నా కళ్ల పని చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో నాకే తెలీదు.

"పొగ వల్ల అని చెప్పేయండి" అంది టేగన్ మెల్లగా. "ఈ పొగలో ఎవరైనా పొరబడతారు. నేనెవరికీ చెప్పను, ఒట్టు."

రేడియో మైకు అందుకున్నాను. నిజం చెప్పాలంటే, పొగ అనే చెబుదామనుకున్నాను. ఇంకో ఎనిమిది రోజులు గడిస్తే ఓర్వో వచ్చేస్తాడు. ఆ గొణుగుడు పక్కన ఉంటే ఇంకో రెండు వేసవులు లాగెయ్యొచ్చు. కానీ విల్ఫ్ అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. నువ్వు చూశావంటే ఇంకేముంది అన్నాడు. ఒడ్డున తిమింగలాల జాబితా రాసే అమ్మాయి కూడా అంతే, నేను చెబితే ఫొటో అడక్కుండా పేరు కొట్టేస్తుంది. ఇవాళ బతికున్నదాన్ని చంపాను. రేపు చచ్చినదాన్ని బతికుందని చెబుతాను. ఇక చాలు అనిపించింది. నిజంగా చాలు.

"అందరికీ, ఐలీని. మార్నీ బతికే ఉంది. కెలో పక్కనే ఉంది. నాకే కనపడలేదు." గొంతు సవరించుకున్నాను. "పొగ వల్ల కాదు. నా చూపు పోయింది. రెండేళ్లయింది. ఈ రెండేళ్లూ నేను చెప్పిన పేర్లన్నీ ఓర్వో నా చెవిలో వేసినవి. రేపట్నుంచి పడవ ఎక్కను."

ఆ తర్వాత ఛానెల్‌లో నేనెప్పుడూ వినని గొంతొకటి ఆయాసపడుతూ వచ్చింది.

"ఏమే పిల్లా, ఐలీ. నేను ఎథెల్‌ని. విల్ఫ్ వాళ్లమ్మని."

"తప్పయిపోయిందమ్మా. మిమ్మల్ని ఏడిపించాను."

"ఏడ్చానులే కాసేపు. అది కాదు. నాకు పదేళ్లయింది చూపు పోయి. మా వాడు నీకు చెప్పలేదా?"

"లేదమ్మా."

"వాడంతే. పొద్దున్నే కాఫీ పెట్టుకుని నీ గొంతు కోసం కూర్చుంటాను. మార్నీ వచ్చిందని నువ్వంటే నాకు కనపడ్డట్టే. పేర్లు ఎవడు చెప్పాడో నాకెందుకు? ఓర్వో చెబితే నాకేమర్థమవుతుంది, నోట్లో గులకరాళ్లు వేసుకున్నట్టు మాట్లాడతాడు." ఏదో పడవలోంచి ఎవరో నవ్వారు. "ఇప్పుడు దిగుతానంటున్నావు. రేపట్నుంచి నాకెవరు చెప్తారే?"

టేగన్ వైపు చూశాను. దాని మొహం సూటిగా చూస్తే కనపడదు, పక్కగా చూశాను.

"ఇక్కడో పిల్ల ఉందమ్మా. కళ్లు మంచివి. నోరే పెగలదు. అదీ నా మూలంగానే."

"అయితే నోరు నేర్పించి దిగు."

"అలిసిపోయానమ్మా" అన్నాను. ఆ మాట ఎవరితోనూ అనాలనుకోలేదు, వచ్చేసింది.

"తెలుసే" అంది ఆవిడ. "రెండేళ్లుగా నీ గొంతులో వినపడుతూనే ఉంది."

జవాబు చెబుదామని మైకు బటన్ నొక్కాను. కుర్చీలో కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. బటన్ మీంచి వేలు తీయలేదని తర్వాత టేగన్ చెప్పింది. జలసంధిలో ఉన్న పడవలన్నీ విన్నాయి, అలర్ట్ బేలో ఆ వంటింట్లో కూడా వినపడింది. మధ్యలో ఎవరూ మాట్లాడలేదు. నా వేలు బటన్ మీద ఉన్నంతసేపు మాట్లాడదామన్నా వీల్లేదు.