కదలనంటే కదలనన్న దొరసాని

గాడిద అనగానే నవ్వేవాళ్లు ఆ నవ్వు కాస్త ఆపుకుని వినండి. ఈ గాడిదను దొరసాని అనేవారు. అటో మూట, ఇటో మూట సమంగా వేసి వీపు మీద చరిస్తే చాలు, ఎవరూ తోలకుండానే వాగు దాటి ఇంటికి పోయేది.

ఆ మధ్యాహ్నం రేవులో బట్టలుతికే మొగుడూ పెళ్లాం తీగల మీద బట్టలు ఆరేశారు. ఏడాదిన్నర పాప ఆరిన దుప్పట్ల కుప్పలో దూరి నిద్రపోయింది. ఇంతలో పైన ఆనకట్ట సైరన్ మోగింది. నీళ్లు వదిలారన్నమాట. తల్లి ఆ చివరి తీగల వైపు పరుగెత్తింది. తండ్రి కుప్ప కింది దుప్పటి నాలుగు కొసలూ లాగి బిగించి ముడేశాడు. లోపల చూశాడా? చూడలేదు. పాపను పెళ్లాం చంకనేసుకు వెళ్లిందనుకున్నాడు. ఆవిడేమో మొగుడి దగ్గరుందనుకుంది. ఇద్దరూ ఇద్దరే!

ఆ మూటనూ, ముందే కట్టి ఉంచిన ఇంకో మూటనూ తాడుతో కలిపి దొరసాని మీద వేసి చరిచాడు. అది కదల్లేదు. బట్టల మూట మెదలదని దానికి తెలుసు. ఈ మూట మెదిలింది.

వాగు ఎర్రబడింది. రాళ్లు మునిగాయి. అతను తిట్టాడు, చెవి మెలిపెట్టాడు, చివరికి కర్ర తీశాడు. ఒంటి నిండా వాతలు తేలాయి. నీళ్లు మోకాళ్లకు వచ్చినా అది అడుగు వేస్తే ఒట్టు. మూటలో మెదలడం తగ్గిపోతోంది.

మూటలు ఏట్లో పోతే పోయాయి, గాడిదనైనా దక్కించుకుందామని అతను తాడు కోయడానికి కత్తి తీశాడు. దొరసాని అతని మణికట్టు పళ్లతో పట్టేసింది. కత్తి నీళ్లలో పడింది. అప్పుడే పెళ్లాం చేతినిండా బట్టలతో వచ్చింది.

"పాపేదయ్యా?"

"నీ దగ్గర లేదా?"

దొరసాని అతని చెయ్యి వదిలి, మెడ తిప్పి, కుడివైపు మూటను మూతితో పొడిచింది.

ముడి చేతులకు రాలేదు. పళ్లతో పీకాడు. పాప చెమటతో ముద్దయిపోయి ఉంది, పెదాలు నల్లబడ్డాయి. తల్లి పాప వీపు మీద చరిచింది. మళ్లీ చరిచింది. అప్పటికి పాప ఏడ్చింది. అందరూ ఇవతలి గట్టెక్కారు. మూటలు వాగులో పోయాయి, ఎవరూ తిరిగి చూడలేదు.

సాయంత్రం అతను వాతలకు నూనె రాయబోయాడు. దొరసాని పక్కకు జరిగింది. మళ్లీ దగ్గరికెళ్లాడు. మళ్లీ జరిగింది.

"ఒక్క తన్ను తన్నవే," అని ఏడ్చాడు.

అది తన్నలేదు. దగ్గరికి మాత్రం రానివ్వలేదు.