చీకటక్క

ఊరికే వచ్చేది ఎండ ఒక్కటే అనుకుంటారు. ఆ ఎండ పట్టే పలకలు తుడిచే చెయ్యి కూడా ఊరికే వచ్చిందేనని ఎవరూ అనుకోరు. పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు పడేసి, ఒక చేత బకెట్టు, ఇంకో చేత పాత దుప్పటి ముక్క పట్టుకుని ఆమె డాబా ఎక్కింది. పావురాలు అప్పటికే వాటి పని కానిచ్చి వెళ్లాయి. పలక మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని బిగించిన మేస్త్రీ ఇంటిల్లిపాదినీ నిలబెట్టి చెప్పాడు. చెప్పింది అందరికీ. విన్నది ఆమె ఒక్కతే.

"ఏమోయ్! ఆదివారానికి ఏమన్నా తట్టిందా?" కింద నుంచి భర్త కేకేశాడు.

"తుడుస్తున్నానండీ."

"చేతులతోనేగా తుడిచేది? బుర్ర ఖాళీయేగా!"

ఆయన పెయింట్ల దుకాణంలో గల్లా దగ్గర కూర్చుంటాడు. సాయంత్రాలు ఫోను ముందు నిలబడి జనాన్ని నవ్విస్తాడు. వీధిలో ఆయనకి 'నవ్వులాయన' అని పేరు పడి రెండేళ్లయింది. ఆ నవ్వులు ఎక్కడ పుడతాయో మాత్రం ఎవరికీ తెలియదు. అవి అంట్ల దగ్గర పుడతాయి. ఒకసారి ఆమె గిన్నెలు తోముతూ, "మా ఆయన ఇంటి పనిలో సగం చేస్తారు, పని ఉందని గుర్తు చేసే సగం" అంది తనలో తాను అనుకున్నట్టు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మర్నాడు దుకాణంలో అదే మాటను అటుదిటు తిప్పి చెప్పి అందరినీ నవ్వించి వచ్చాడు. అప్పటినుంచి పెళ్లాం మీద ఆయన వేసే జోకులన్నీ పెళ్లాం చేసి ఇచ్చినవే. ఆమె దానికి బాధ పడలేదు. తన మీద తాను రాయి వేసుకునేటప్పుడు ఎంత మెల్లగా వెయ్యాలో తనకు తెలుసు.

ఇంట్లో ఇంకో ఆడమనిషి ఉంది. ఆయన అక్క. ఆమెకు వదిన. మొగుడు పోయాక ఒక పెట్టెతో తమ్ముడి ఇంటికి వచ్చింది. తమ్ముడు చెడ్డవాడు కాడు. అక్కని పల్లెత్తు మాట అనలేదు. కరెంటు బిల్లు వచ్చినప్పుడు మాత్రం గోడ వైపు తిరిగి, "ఈ నెల మీటరు తెగ తిరిగింది, ఎవరు తిప్పారో ఏమో" అనేవాడు. గోడ వినలేదు. వదిన వింది. ఆ తర్వాత ఆవిడ గదిలో లైటు వెలగలేదు, ఫ్యాను తిరగలేదు. చీకటి పడ్డాక వంటింట్లోకి వచ్చి గరిటె కాడతో మూతల మీద టక్కు టక్కుమని కొట్టి, ఆ చప్పుడుని బట్టి ఏది అన్నమో ఏది కూరో పోల్చుకుని, చీకట్లోనే తిని, చీకట్లోనే కంచం కడిగేది. ఎవరన్నా లోపలికి వస్తుంటే ఉలిక్కిపడతారని, "నేనే, నేనే" అని మెల్లగా అనేది.

ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆమెకు గుండెలో ముల్లు కదిలినట్టుండేది. డాబా మీద సోలార్ పెట్టిద్దామని ఆమె పోరు పెట్టింది అందుకే. బిల్లే రాకపోతే ఆయన గోడతో మాట్లాడాల్సిన పనుండదు, వదిన లైటు వేసుకుంటుంది అనుకుంది. సోలార్ షాపులో అడిగితే, సర్కారు ఇచ్చే రాయితీ పోగా మిగిలింది కడితే కొన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని చెప్పారు. పెట్టుబడి తిరిగి రావాలంటే ముందు అది మన దగ్గర్నుంచి బయల్దేరాలి కదా. ఉన్నవాడి ఇంటి మీద ఎండ ఊరికే కురుస్తుంది, లేనివాడు ఆ ఎండకు కూడా బయానా ఇవ్వాలి. "అప్పు చేసి ఎండ కొనుక్కోవడమేంటే, పిచ్చిదానా" అని ఆయన ఆ మాట అక్కడికి తుంచేశాడు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆయన జోకు కావాలని వెంటపడ్డాడు. తన మీద చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఇంకేమీ మిగల్లేదు. పాపకు అన్నం పెడుతూ, ఆలోచించకుండానే గరిటె తీసి మూత మీద టక్కు టక్కుమనిపించింది. మెడ కాస్త ముందుకు చాచి, గొంతు సన్నం చేసి, "నేనే, నేనే" అంది. "మా ఇంట్లో దెయ్యం ఉందండీ, దానికి కూడా కరెంటు బిల్లంటే భయం" అంది. ఆయన నేల మీద పడి నవ్వాడు. పాప నవ్వింది. తన మాట అంత బాగా పేలినందుకు ఆమె కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. పక్క గదిలో వదిన చీకట్లో కూర్చుని ఉందన్న సంగతి నవ్వు అయిపోయాక గుర్తొచ్చింది.

ఆయన అదంతా తను చేసి చూపించి, దానికి 'చీకటక్క' అని పేరు పెట్టి ఫోనులో వదిలాడు. అది ఊరు ఊరంతా తిరిగింది. వదిన కూరగాయలకు వెళ్తే తక్కెడ పట్టుకున్నవాడు "నేనే, నేనే" అని తూచి ఇచ్చాడు. సోలార్ షాపాయన అయితే వెతుక్కుంటూ ఇంటికే వచ్చాడు. ఆ జోకు తన షాపుకి వాడుకోనిస్తే పలకలు సగం ధరకి బిగిస్తానన్నాడు, మిగతాది వాయిదాల మీద. బిగించేశాడు కూడా. వచ్చే ఆదివారం ఒక ఫంక్షన్ హాల్లో షాపు వార్షికోత్సవం. భర్త స్టేజీ మీద చీకటక్క రెండో భాగం చెప్పాలి. చివర్లో అసలు చీకటక్కే వచ్చి ఒక స్విచ్చి నొక్కాలి, హాలంతా వెలిగిపోవాలి. అది జరిగితే వాయిదాలన్నీ మాఫీ.

వదిన కోసం కోరుకున్న వెలుగు వదిననే అమ్మితే వచ్చింది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అనుకున్నప్పుడల్లా చేతిలో పని రెట్టింపు వేగంగా చేసింది.

ఆమె పనిచేసేది యూనిఫారాలు కుట్టే షెడ్డులో. అక్కడ ఎవరు కుట్టే ముక్కను బట్టి వాళ్లకా పేరు. ఆమె కాలర్లమ్మ. పక్క మిషను జేబులమ్మ. చివర్లో కూర్చునే పెద్దావిడ గుండీల పిన్ని. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర జేబులమ్మ ఫోను తెరిచింది.

"ఓలమ్మో, ఏం నవ్వించాడే మీ ఆయన! ఆ గరిటె చప్పుడు చూడు. నీ అదృష్టం, ఇంట్లోనే సినిమా."

గుండీల పిన్ని నవ్వలేదు. "మా చిన్నప్పుడు నవ్వించేవాడు వాడే బురదలో పడేవాడు. ఇప్పటివాళ్లు చొక్కా నలక్కుండా ఇంట్లోవాళ్లని తోస్తున్నారు" అంది.

"ఊరుకో పిన్నీ, ఇప్పటి కామెడీ అంతే. ఉన్నది ఉన్నట్టు చెప్తారు."

"ఎదుటివాళ్లది ఉన్నట్టు, తనది లేనట్టు. మైకు పట్టుకున్నవాడి ఇంట్లో వాడొక్కడే బుద్ధిమంతుడు, చూశావా ఎప్పుడైనా?" ఆమె వైపు తిరిగి, "నీ మొగుణ్ణి అన్నానని ఏమనుకోకు తల్లీ. ఇంటిగుట్టు తెచ్చి వీధిలో పోశాడు" అంది.

"మా ఆయన కాదు పిన్నీ" అనబోయింది ఆమె. అనకుండా ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఆయన మీద పడుతున్న తిట్టు ఎంత హాయిగా ఉందో అప్పుడే తెలిసింది ఆమెకు. పేరు ఆయనది గనుక పాపం కూడా ఆయనదే. రెండేళ్లుగా తన మాటలకు తన పేరు లేదని లోపల ఎక్కడో కుములుతున్న మనిషి, ఇప్పుడు ఆ పేరు లేకపోవడం చాటునే దాక్కుంది. ఆ మధ్యాహ్నం కాలర్లు రెండు తిరగేసి కుట్టి, మళ్లీ విప్పింది.

ఇంటికి వచ్చేసరికి మునిమాపు. వంటింట్లో అడుగు పెట్టీ పెట్టగానే కాలు ఎవరికో గట్టిగా తగిలింది. వదిన. ఆవిడ ఇప్పుడు "నేనే" అనడం మానేసింది. చీకట్లో కింద కూర్చుని కూర తరుగుతోంది.

"లైటు వేసుకోండి వదినా. ఇప్పుడు బిల్లు రాదుగా."

"ఉండనీ. కళ్లకి అలవాటైపోయింది." కత్తి ఆగలేదు. "ఆదివారం నన్నేం కట్టుకోమంటావు? తమ్ముడు అడిగాడు, సరేనన్నాను. ఒక్క స్విచ్చేగా."

ఆమె గడపలోనే నిలబడింది. "మీకిష్టం లేకపోతే వద్దని చెప్పండి. ఆయనకి ఏం తెలుసు, ఏదో నవ్వించాలని..."

"వాడికేం తెలుసు?" అంది వదిన కూడా, ఒప్పుకున్నట్టుగా. "వాడు లైటు వెయ్యకుండా వంటింట్లోకి ఏనాడూ రాలేదు. మూతలు ఎందుకు కొడతానో వాడికి తెలియదు. వాడితో నేనెప్పుడూ 'నేనే' అనలేదు. పాప నీ కడుపులో ఉన్నప్పుడు ఒకసారి నన్ను చూసి జడుసుకున్నావు. అప్పట్నించి అన్నాను. నీ ఒక్కదానితోనే."

పొయ్యి మీద ఏదో పొంగుతోంది. ఇద్దరూ కదల్లేదు.

"బాగా చేశాడు" అంది వదిన. "నాకే నవ్వొచ్చింది. మెడ కూడా అలాగే చాచాడు. నువ్వు బాగా నేర్పావు."

"వదినా, నేను..."

"వద్దమ్మాయ్. నువ్విప్పుడు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే మళ్లీ నేనే లేచి ఓదార్చాలి. ఈ కూర ఎవరు తరుగుతారు?"

ఆ మాటకు ఆమెకు వచ్చే ఏడుపు కూడా ఆగిపోయింది. ఏడిస్తే తేలికవుతుంది. ఆ తేలికని కూడా వదిన దగ్గరే అప్పు తీసుకోవాలి. వదిన తిట్టలేదు, క్షమించానని అనలేదు. స్విచ్చి నొక్కుతానంది. ఇంట్లో తిన్న తిండికి, ఆక్రమించిన మూలకి అదొక బాకీలాగా ఒప్పుకుంది. ఒకరు గోడకి చెప్పి, ఒకరు జోకుగా చెప్పి, ఇద్దరూ కలిసి ఆవిడని అక్కడిదాకా తెచ్చారు. ఇద్దరిలో గోడకి చెప్పినవాడే నయమనిపించింది. వాడు వదినని చూడలేదు. తను చూసింది. రోజూ, దగ్గర్నుంచి, మెడ ఎలా చాస్తుందో కూడా చూసింది.

అలమర మీద భర్త ఫోను మోగింది. ఆయన స్నానాల గదిలో ఉన్నాడు. "ఎవరో చూడవోయ్!" అని అరిచాడు.

సోలార్ షాపాయన. ఆమె గొంతు వినగానే, "అమ్మా, మీరా! అక్కగారికి ఆదివారం నల్లబట్టలు కట్టించండి. స్టేజీ మీద చీకట్లో కలిసిపోవాలి. స్విచ్చి నొక్కగానే ఒక్కసారి కనపడాలి. అదిరిపోతుంది!" అన్నాడు.

వదిన చేతిలో కత్తి ఆగింది. అతని గొంతు అంత దూరం వినిపిస్తోంది మరి.

"మా వదిన రాదండీ" అంది ఆమె. "ఆ జోకు కూడా రాదు. షాపు ముందు ఆడిస్తున్న వీడియో తీసేయండి. మీరు తగ్గించిన సగం, వాయిదాలు అన్నీ మేమే కడతాం. నేను షెడ్డులో రెండో పూట కూడా కుడతాను."

"అదేంటమ్మా? సార్ ఒప్పుకున్నారుగా? జోకు సార్‌ది..."

"జోకు ఆయనది కాదు. నాది."

తన మాట తనదని ఆమె పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెప్పుకుంది, దాన్ని వెనక్కి తీసుకోవడానికి. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

అవతల షాపాయన పకపకా నవ్వాడు. "అబ్బో, మీరూ తక్కువ కాదమ్మా! పెళ్లాం వచ్చి జోకు నాది అనడం... బాగుంది, ఇది కూడా కలుపుదాం. సార్‌కి చెప్పండి, చివర్లో..."

నవ్వు చాలాసేపు సాగింది. ఆమె ఫోను చెవి దగ్గరే పట్టుకుని, అతని నవ్వు పూర్తిగా అయిపోయేదాకా ఆగింది. అయ్యాక, అదే మాట మళ్లీ మొదట్నుంచి చెప్పింది.