రెండో తాళంచెవి

పెద్ద పళ్ళేన్ని కదిలించే మోటారుకు తాళం ఉంది. పైకెక్కేవాడు ఆ తాళంచెవిని కొక్కెం నుంచి తీసి జేబులో వేసుకోవాలి. వాడు దిగివచ్చి తిరిగి తగిలించేదాకా మోటారు కదలకూడదు. ఆ పళ్ళెంతో అంతరిక్షం నుంచి రేడియో తరంగాలు పట్టే ఆ కేంద్రంలో అంతకంటే పెద్ద నియమం లేదు.

ఆ నియమం పెట్టినవాడికి మతిమరుపు తమ్ముడు లేడు కాబోలు. అక్కడ శాస్త్రవేత్తగా పనిచేసే ఆమెకు ఉన్నాడు. పళ్ళెం మీది యంత్రాలు బాగుచేసే మెకానిక్ వాడే. పని ముగించి, తాళంచెవి జేబులోనే ఉంచుకుని ఇంటికి చక్కా పోయేవాడు. ఓసారి అలా పోయినప్పుడే, ఆమె నెలలుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన రేడియో మూలం ఆకాశంలో మెరిసి, పళ్ళేన్ని అటు తిప్పే వీల్లేకుండానే ఆరిపోయింది. ఆ తర్వాత ఆమె పోరు పడలేక వాడే ఇంకో తాళంచెవి చేయించి తెచ్చాడు.

“తీసుకో అక్కా. నా మెడకి ఉరితాడు నేనే పేనుకొచ్చా,” అని నవ్వాడు.

ఆమె కూడా నవ్వి దాన్ని సొరుగులో పడేసింది.

ఈసారి కబురు మధ్యాహ్నం వేళ వచ్చింది. మూలం మళ్ళీ మేల్కొందని వేరే అబ్జర్వేటరీవాళ్ళు మెయిల్ పెట్టారు. ఎక్కడో దూరపు గెలాక్సీలో ఉన్న ఆ మూలం నెలల తరబడి నోరు మెదపదు. మెదిపిందా, రెప్పపాటు కూడా నిలవని రేడియో మెరుపుల్ని ఒకదాని వెనక ఒకటి విసురుతుంది. ఆమె లేచి కొక్కెం చూసింది. ఖాళీ.

పొద్దున పళ్ళెం మీది రిసీవర్‌ని చల్లబరిచే పంపు బాగుచేయడానికి తమ్ముడు పైకెక్కాడు. ఇప్పుడు భోజనాల వేళ దాటింది. మరదలు కట్టిచ్చిన క్యారియర్ మూత తీయకుండా వాడి కుర్చీ మీదే ఉంది. ఆమె దాన్ని చూసింది కూడా. చూసి, “మళ్ళీ జేబులో వేసుకుని ఊరేగుతున్నాడు వెధవ,” అనుకుంది. కిటికీలోంచి నిచ్చెన వైపు ఓ చూపు పడేసింది. ఎవరూ లేరు. సొరుగు తెరిచింది. సైరన్ మోగింది, పళ్ళెం మెల్లగా ఒరిగింది. పైన పంపు మోతలో ఆ సైరన్ వినపడుతుందా అని ఆమెకు తట్టనే లేదు.

మెరుపులు రాసాగాయి. బట్టలారేసే తాడును పైకీ కిందికీ ఊపవచ్చు, పక్కలకూ ఊపవచ్చు. తరంగం కూడా అలాగే ఏదో ఒక దిక్కుగా ఊగుతూ వస్తుంది. ధ్రువణం అంటే అదే. ఈ మూలం నుంచి వచ్చేవి ఇన్నేళ్ళూ ఒకే దిక్కుగా ఊగాయి. ఆ రోజు ఆ దిక్కు తిరగడం మొదలుపెట్టింది. తిరిగి, ఆగి, వెనక్కి వచ్చింది. మళ్ళీ తిరిగింది.

ఆమెకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మూలం చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కళ్ళముందే మెలితిరుగుతోంది! తోటివాళ్ళందరికీ మెయిల్ కొట్టింది. అభినందనలు వచ్చిపడ్డాయి. చదువుకుంటూ, మురిసిపోతూ కూర్చుంది. పళ్ళెం మూలం వెంట ఇంకా ఇంకా ఒరిగిపోతోంది.

ఒకాయన మాత్రం ఒక్క ముక్క అడిగాడు: “పొడుగు తరంగాలు ఎక్కువ తిరిగాయా?”

అది ఆమె తన విద్యార్థులకు చెప్పే మొదటి పాఠం. అయస్కాంత క్షేత్రం తిప్పితే పొడుగు తరంగాలు ఎక్కువగానూ పొట్టివి తక్కువగానూ తిరుగుతాయి. సంబరంలో ఆ పాఠమే మరిచింది. ఇప్పుడు చూసింది. అన్నీ సమానంగా తిరిగాయి.

అది ఆకాశం చేసే పని కాదు. పళ్ళెం మీద వేలాడే పంపు గదిలో, తరంగాల్ని అందుకునే రిసీవర్‌ని తిప్పడానికి ఒక హ్యాండిల్ ఉంది. రిసీవర్ తిరిగితే పొడుగూ పొట్టీ తేడా లేకుండా అన్నీ సమానంగా తిరిగినట్టే తెర మీద కనిపిస్తాయి. ఆ హ్యాండిల్‌ని మనిషి చేత్తో తిప్పాలి.

తమ్ముడు పైనే ఉన్నాడు. తరంగాలకు అడ్డమని ఆ ఆవరణలోకి ఫోన్లు తేనివ్వరు. అంత ఎత్తునుంచి కేక వినపడదు. అక్క కళ్ళు ఎప్పుడూ తెర మీదే ఉంటాయని మాత్రం వాడికి తెలుసు.

మోటారు ఆపేసింది. ఇంకో మెరుపు వచ్చింది. దిక్కు కొంచెం తిరిగింది. తర్వాతది వచ్చింది; తిరగలేదు.

“తిప్పరా,” అంది తెరతో. “తిప్పరా నాన్నా, చూస్తున్నా.”

ఆ తర్వాతదీ తిరగలేదు. ఆమె బయటికి పరుగెత్తింది.

నిచ్చెనబండి తెప్పించి వాడిని దింపారు. పళ్ళెం ఒరగడంతో గది నేల గోడైపోయిందట. ఒక చేత్తో ఇనుప కమ్మీని కరిచి పట్టుకుని, రెండో చేత్తో తిప్పాడట. కమ్మీ పట్టిన చెయ్యి భుజం దగ్గర ఊడి వేలాడుతోంది. అంబులెన్స్ వచ్చేదాకా వాడిని క్యారియర్ తీసి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఎదురుగా తెర మీద ఆమె మెయిలు, దాని కింద అభినందనలు. వాడు అన్నీ చదివాడు.

“నేను తిప్పింది ఎప్పుడు చూశావక్కా?”

అబద్ధం ఆడాలనుకుంది. నోరు రాలేదు.

“మొదటిసారే చూశాన్రా.”

వాడు తలూపాడు.

“బాగుంది. నువ్వు రాసే పేపర్లో నా పేరు కూడా వెయ్యి.”

ఎవరూ నవ్వలేదు. వాడు జేబులోంచి తన తాళంచెవి తీసి ఒళ్ళో పెట్టుకుని, రెండో దాని కోసం మంచి చెయ్యి చాచాడు. అది ఇంకా మోటారు తాళంలోనే ఉంది. ఆమె లేచి నాలుగడుగులు వేసి తీసుకురావాలి. వాడు చెయ్యి దించలేదు.