బొమ్మలోంచి మాయమైన తుపాకీ

ఎస్టేటు అయ్యగారూ, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్న ఇన్‌స్పెక్టరుగారూ, మా బావను దొంగ అన్న నోళ్లు మీవే! మీ వేటకి పొదలు కొట్టి కుందేళ్లను లేపమని బావను మీరే పంపారు. చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. బావ శవం పక్కన తుపాకీ పెట్టి, ‘దొంగవేటకొచ్చాడు, తన తుపాకీ తనకే పేలింది’ అని రాసేశారు.

ఆ తుపాకీని స్టేషన్లో చూశాం. భుజానికి ఆనించే చెక్క మడమ చీలితే రాగితీగ చుట్టారు. అక్క నా చెయ్యి గిల్లింది. అక్క అయ్యగారి బంగళాలో పదేళ్లుగా దుమ్ము దులుపుతోంది.

“ఒరే, ఇది హాల్లో బొమ్మలో ఉందిరా!”

గోడమీది ఆ రంగుల బొమ్మ తెలియనివాళ్లు లేరు. చెక్కపలకకి తలకిందులుగా కుందేలు, రెండు కౌజుపిట్టలు, వేటసంచి, మేకుకి రాగితీగ చుట్టిన తుపాకీ. నిజమనుకుని చుట్టాలు చెయ్యి చాపితే అయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

బొమ్మ వేసినాయన్ని అడిగాను, ఊహించి వేశారా అని.

“ఊహా? వారం రోజులు ఆ కుందేలు కంపు భరించానయ్యా! అంతా అసలు కొలతే. అంగుళం తగ్గినా కన్ను నమ్మదు. తుపాకీ ఆయనదే, మేకూ ఆయనదే.”

ఇది ఇన్‌స్పెక్టరుకే చెప్పాను. బుద్ధి తక్కువై. మూడోరోజుకి బొమ్మ ‘శుభ్రం చెయ్యడానికి’ వెళ్లింది. తిరిగొచ్చాక, నిచ్చెన పట్టుకునే వంకతో అక్క వెనకాల వెళ్లాను. రంగునూనె వాసన ఇంకా కొడుతోంది. తుపాకీ లేదు. దాని చోట బెత్తెడు కొమ్ముబూర. తుపాకీ చెరిపిన మొనగాడు నీడ చెరపడం మరిచాడు! పలకమీద ఏటవాలుగా గొట్టం నీడ, తూటా పేల్చే గుర్రం దగ్గరి వంపు, మడమ, అన్నీ ఉన్నాయి.

“ఏంట్రా అంత చూస్తున్నావ్?” వెనక అయ్యగారు.

“బెత్తెడు బూరకి బారెడు నీడేంటండీ?”

“బొమ్మల సంగతి నీకేం తెలుసురా?” అన్నాడు. గోడవైపు మాత్రం చూడలేదు. అక్కతో, “రేపట్నించి పనికి రాకు” అన్నాడు.

రేపే ఫైలు మూసేస్తారట. మూయడానికి వీల్లేదు. పై అధికారులే వచ్చి ఈరోజే బొమ్మను స్వాధీనం చేసుకోవాలి. తుపాకీ తెచ్చి మా అందరి ముందూ ఆ నీడకి ఆనించి కొలవాలి. కొత్త రంగు గీకించాలి. నా మాట బంగళాకి ఎవరు మోశారో ఆ ఇన్‌స్పెక్టరునే ముందు నిలదీయాలి. మా బావ పేరు పక్కనున్న ‘దొంగ’ అన్న మాట కొట్టెయ్యాలి. అంతవరకూ ఆ బంగళా గుమ్మంలోంచి మేం కదలం.